తలుపు లోపల కురిసే వాన

రాత్రంతా కురిసిన వాన తెల్లవారేసరికి వెలిసింది. కారు తలుపు తెరిచాను. నిండు కుండను పక్కకు వంచితే వచ్చే చప్పుడు తలుపులోంచి వచ్చింది. మూసి మళ్లీ తెరిచాను. మళ్లీ అదే. 1960ల నాటి రెండు తలుపుల కారు అది, కొని నాలుగు నెలలు కూడా కాలేదు. పైన రంగులో ముఖం చూసుకోవచ్చు, అంత నునుపు. ఆ నునుపు వెనకాల రేకు డబ్బాలో నీళ్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. కాళ్ల కింద కార్పెట్ పిండితే నీరు కారేలా ఉంది, ముక్కిన వాసన వేస్తోంది.

నేరం ఎవరిదో వెంటనే తేల్చేశాను. కిటికీ అద్దానికీ తలుపు రేకుకూ మధ్య, బయటివైపు పొడవునా ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. పుస్తకాల్లో వెదర్‌స్ట్రిప్ అని రాస్తారు, పని చేసేవాళ్లు బీడింగ్ అంటారు. నా కారులో అది బొగ్గులా బిగుసుకుపోయి ఉంది. గోరు పెడితే పొడిపొడిగా రాలింది. కొన్నిచోట్ల రబ్బరే లేదు, లోపలి ఇనప బద్దీ మాత్రం మిగిలింది. కొత్త బీడింగ్ తెప్పించి, తలుపు విప్పకుండానే పాతదాన్ని పైనుంచి పెకలించి, కొత్తదాన్ని క్లిప్పుల మీద నొక్కి కూర్చోబెట్టాను. రెండు గంటల పని. నల్లగా నిగనిగలాడుతుంటే కాసేపు నిలబడి చూసుకుని మురిసిపోయాను కూడా. ఆ తరవాతి వానకు తలుపు మళ్లీ కుండలా మోగింది.

అప్పటిదాకా నాకున్న నమ్మకం, పాత కార్లు బాగుచేసుకునే చాలామందికి ఇప్పటికీ ఉన్న నమ్మకం ఒకటే: బీడింగ్ ఉన్నది నీళ్లను ఆపడానికి. కాదు. ఆ పని దానికి ఎవరూ అప్పజెప్పలేదు. పైకీ కిందికీ జరిగే అద్దాన్ని చుక్క నీరు దూరనంత గట్టిగా పట్టుకుంటే అద్దం కదలదు. అద్దం కదిలేంత వదులిస్తే నీరు దూరుతుంది. ఈ సంగతి కారు తయారుచేసినవాళ్లకు మొదటినుంచీ తెలుసు. అందుకే వాళ్లు నీరు లోపలికి వస్తుందని ముందే ఒప్పుకున్న తలుపును చేశారు.

వానలో ఆ తలుపు ఎలా పనిచేస్తుందో చెబుతాను. అద్దం మీద పడ్డ నీటిలో చాలా భాగాన్ని బయటి బీడింగ్ తుడిచి రేకు మీదికి తోసేస్తుంది. ముందు అద్దం మీద వైపర్ చేసే పనే ఇది. అక్కడ అద్దం నిలబడి ఉంటే వైపర్ తిరుగుతుంది, ఇక్కడ వైపర్ నిలబడి ఉంటే అద్దం కదులుతుంది, అంతే తేడా. తప్పించుకున్న నీరు అద్దం వెంబడే తలుపు లోపలికి దిగుతుంది. అక్కడ అద్దాన్ని పైకీ కిందికీ లాగే యంత్రాంగం మీద, కమ్మీల మీద చిమ్ముతూ అడుగుకు చేరుతుంది. అడుగున రెండో మూడో సన్నటి రంధ్రాలు ఉంటాయి. నీరు వాటిలోంచి నేల మీదికి పోతుంది. తలుపు లోపలి వానకూ మన మోకాళ్లకూ మధ్య ఉండేది ఒక్క పల్చటి షీటు. పాత కార్లలో తారు పూసిన కాగితమో ప్లాస్టిక్కో ఉంటుంది. తలుపును లోపలివైపు కప్పే అట్ట, అంటే డోర్ ప్యాడ్ వెనక, రేకుకు అతికించి ఉంటుంది. దాని కింది అంచును రేకులో ఉన్న సన్నటి చీలికలోంచి తలుపు లోపలికి దోపుతారు. షీటు మీద చిమ్మిన నీరు దాని వెంబడే జారి మళ్లీ తలుపు అడుగుకే పోవాలని ఆ ఏర్పాటు. చూడటానికి దిక్కుమాలిన కాగితంలా ఉంటుంది. కార్పెట్‌ను కాపాడేది మాత్రం అదే.

మరి బీడింగ్ దేనికి? వచ్చే నీటిని తగ్గించడానికి. దుమ్మును ఆపడానికి. గాలి ఈల వేయకుండా, గతుకుల్లో అద్దం గడగడలాడకుండా పట్టి ఉంచడానికి. అన్నిటికన్నా ముఖ్యంగా అద్దాన్ని ఇనుము నుంచి కాపాడటానికి. రబ్బరు రాలిపోయిన చోట ఇనప బద్దీ నేరుగా అద్దాన్ని గీకుతుంది. నా కారు ఎడమ అద్దాన్ని ఎండకు అడ్డంగా పట్టి చూస్తే పైనుంచి కిందికి తిన్నగా తొమ్మిది గీతలు కనిపిస్తాయి. రూళ్ల కాగితం నిలువుగా పట్టుకున్నట్టుంటుంది. గోరు ఆనితే తెలిసేంత లోతైన గీతను పాలిష్‌తో పోగొట్టబోతే అక్కడ అద్దం పలచబడి, బయటి దృశ్యం వంకరగా కనిపిస్తుంది. ఆ అద్దాన్ని అలాగే ఉంచుకున్నాను. బీడింగ్ ఇంకో ఏడాది ఆగుతుందిలే అనిపించినప్పుడల్లా ఆ గీతలు చూస్తాను.

రెండోసారి తలుపు పూర్తిగా విప్పాను. అద్దం దించే హ్యాండిల్ వెనక ఒక చిన్న స్ప్రింగ్ క్లిప్పు ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే డోర్ ప్యాడ్ చిరుగుతుంది తప్ప అది రాదు. పాత బట్ట పీలికను హ్యాండిల్ వెనక దూర్చి, రెండు కొసలూ పట్టుకుని బూటు పాలిష్ చేసినట్టు ఇటూ అటూ లాగితే బట్ట పోగు ఎక్కడో క్లిప్పును పట్టేస్తుంది, టక్కున ఊడుతుంది. ఊడి ఎగురుతుంది. ఇంకో చేయి అడ్డం పెట్టండి. నేను పెట్టలేదు, పావుగంట నేల మీద పాకాను. ఆ తరవాత చేతిపట్టీ స్క్రూలు, ప్యాడ్ చుట్టూ క్లిప్పులు. అవి ఒక్కొక్కటే వదులుతాయి, తొందరపెడితే క్లిప్పు రాదు, అట్ట చిరిగి వస్తుంది.

ప్యాడ్ తీశాక మొదట కనిపించింది షీటు లేకపోవడం. అతికించిన జిగురు చారలు తలుపు చుట్టూ నల్లగా ఉన్నాయి, షీటు మాత్రం లేదు. ఎప్పుడో ఎవరో స్పీకరు బిగించడానికి దాన్ని చింపి తీసి ఉంటారు. అక్కడ కోసిన గుండ్రటి రంధ్రమే సాక్ష్యం. తిరిగి పెట్టాలని వాళ్లకు తోచలేదు. రెండోది, అడుగున నీరు పోయే రంధ్రాలు. వేలితో తడిమితే తగల్లేదు. తలుపు కింద పడుకుని టార్చ్ వేసి చూశాను. రంగు వేసినవాళ్లు వాటిని లప్పంతో పూడ్చి, నున్నగా గీకి, మీద అందంగా రంగు కొట్టారు! తలుపు అడుగున రంధ్రాలు కనిపిస్తే తుప్పు తిన్న చోట్లని అనుకున్నారేమో. మొద్దు మేకు పెట్టి సుతారంగా తడితే లప్పం ఊడి, తుప్పు రంగు నీళ్లు సన్నటి ధారగా కారాయి. కింద పెట్టిన గిన్నె నిండింది. నీళ్లతోపాటు ఆకుల మడ్డి, రబ్బరు పొడి, తుప్పు రేకులు కూడా వచ్చాయి. పైన పటారం, లోన లొటారం అన్న మాటను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

ఇక్కడే నా వాదన. పాత కారు చేతికి రాగానే అందరూ రంగుతో మొదలుపెడతారు, క్రోమ్ మెరిపిస్తారు, సీట్లు కుట్టిస్తారు. రబ్బరు పని ఆఖరున, మిగిలిన ఓపికతో, మిగిలిన డబ్బుతో. ఈ వరస తలకిందులైనది. పట్టీలు బిగించేది రంగు ఆరాకనే, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ తలుపు విప్పి చూడటం, రంధ్రాలు తెరవడం, బీడింగ్ కూర్చునే రేకు అంచుల్లో తుప్పు గీకి ప్రైమర్ పూయడం, కొత్త పట్టీ తెచ్చి అమరుతుందో లేదో చూసుకోవడం, ఇవన్నీ రంగుకు ముందే జరగాలి. లేకపోతే రంగు కిందే తుప్పు తలుపు అడుగును లోపలినుంచి బయటికి తింటూ వస్తుంది. పైన బుడగ కనిపించేసరికి లోపల రేకు జల్లెడ అయి ఉంటుంది. ఎవరినీ పెద్దగా తప్పుపట్టలేను, రబ్బరు ఫొటోలో కనిపించదు. కొత్త బీడింగ్ వేయించానని చెబితే మెచ్చుకునేవాళ్లు నాకింతవరకూ ఇద్దరే దొరికారు.

కారు ఎండా వానా ఎరగదు, షెడ్డులోనే ఉంది కదా, రబ్బరు బాగానే ఉంటుంది అనేవాళ్లున్నారు. ఎండ ఒక్కటే రబ్బరుకు శత్రువు కాదు. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో గంధకం కలిపి వేడిచేసి రబ్బరును గట్టిపరిచే పద్ధతి కనిపెట్టాడు. దానితో రబ్బరు వేడికి జిగురై కారడం, చలికి పెళుసెక్కడం తగ్గాయి. కానీ సహజ రబ్బరు అణువుల గొలుసులో కొన్ని బలహీనమైన లంకెలు అలాగే ఉండిపోతాయి. గాలిలోని ఓజోన్ వాటి మీద పడుతుంది. ఎంత ఓజోన్? వంద కోట్ల పాళ్ల గాలిలో కొన్ని పదుల పాళ్లు చాలు. షెడ్డులోకి గాలి రాకుండా ఎవరు ఆపగలరు? పైగా ఓజోన్ పగుళ్లు సాగదీసి ఉన్న రబ్బరులో పుడతాయి, సాగిన దిశకు అడ్డంగా తెరుచుకుంటాయి. పాత పట్టీని మూల మలుపు దగ్గర చూడండి, పగుళ్లన్నీ వరుసగా ఒకే వైపు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. 1930లో డ్యూపాంట్ ప్రయోగశాలలో పుట్టిన నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు ఓజోన్‌కు ఇంతకన్నా బాగా తట్టుకుంటుంది. 1960ల మొదట్లో మార్కెట్లోకి వచ్చిన ఈపీడీఎం రబ్బరు మూల గొలుసులో ఆ బలహీన లంకెలే లేవు, అందుకే ఈనాటి కార్ల పట్టీలు ఎక్కువగా దానితోనే చేస్తారు. నల్లరంగు కూడా అలంకారం కాదు. రబ్బరులో కలిపే కార్బన్ బ్లాక్ దానికి బలాన్నిస్తుంది, ఎండను అడ్డుకుంటుంది. కొనేటప్పుడు రంగు చూడకుండా ఏ రబ్బరో అడగండి. దాని మీద మామూలు గ్రీజు మాత్రం పూయకండి. పెట్రోలియం నూనెలకు ఈపీడీఎం ఉబ్బి మెత్తబడుతుంది. సబ్బునీళ్లో సిలికాన్ గ్రీజో వాడాలి.

సాగదీయడం గురించి అన్నాను కాబట్టి అదీ చెప్పేస్తాను. కొత్త పట్టీని బిగించేటప్పుడు చేయి తనకు తెలియకుండానే దాన్ని లాగుతుంది. లాగితే చక్కగా తిన్నగా కూర్చుంటుంది, కొస కొంచెం మిగులుతుంది, మనం సంతోషంగా కోసేస్తాం. వారానికి రబ్బరు తన పొడవుకు తాను వెనక్కి పోతుంది, మూలలో వేలు పట్టేంత సందు తెరుచుకుంటుంది. లాగకుండా, కొంచెం లోపలికి నెట్టినట్టుగా అమర్చి, ఓ సెంటీమీటరు ఎక్కువే ఉంచి కోయాలి. కోశాక అతికే పొడవు లేదు.

సందులు పూడ్చే సీలెంట్ ట్యూబు గురించి మర్యాదగా మాట్లాడటం నాకు కష్టం. ఎక్కడ నీరు కారితే అక్కడ పిసికేయడం ఒక అలవాటుగా మారింది. తెరవని చిన్న మూల అద్దం చుట్టూ ఎక్కువగా కనిపిస్తుంది ఇది. నీటికి సందు దొరకదని ఆశ. నీరు ఏదో ఒక సందు వెతుక్కుంటుంది. దూరడానికి దారి ఉండి, పోవడానికి దారి మూసేస్తే అక్కడే నిలుస్తుంది. పైగా వెనిగర్ వాసన వేసే రకం సిలికాన్ ఆరుతూ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, రంగు లేచిన ఇనుముకు అది సరాసరి తుప్పుమందు. ఆ సిలికాన్ మరక పూర్తిగా పోకపోతే మళ్లీ రంగు వేసేటప్పుడు అక్కడ రంగు అంటుకోకుండా చిన్నచిన్న గుంటలు పడతాయి. గోటితో పోయే పని గొడ్డలి దాకా వచ్చేది ఇలాగే. బీడింగ్‌కు అంటించే జిగురు వేరు, అది నియోప్రీన్ రకం. రెండు వైపులా పల్చగా పూసి, చేతికి అంటీ అంటనట్టు అయ్యేదాకా ఆగి, ఒకేసారి నొక్కాలి. అదీ జిగురు వేయమని చెప్పిన చోటే. తలుపు అద్దం బీడింగ్ చాలా కార్లలో క్లిప్పుల మీదే నిలుస్తుంది.

అసలైన రబ్బరునే ఉంచాలనే పెద్దమనుషులతో నాకు నిజంగానే ఇబ్బంది, వాళ్ల మాటలో న్యాయం ఉంది కాబట్టి. పాత వాహనాల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా తెచ్చిన టూరిన్ నియమావళి కూడా మార్చడం కన్నా కాపాడటాన్నే ముందు పెడుతుంది. మార్చక తప్పని భాగాలకు తరవాతివాళ్లు గుర్తుపట్టేలా గుర్తు పెట్టమంటుంది. ఆ మాట నాకు నచ్చింది. కానీ బీడింగ్ బాడీ రేకులాంటిది కాదు, టైరులాంటిది. అరిగిపోవడమే దాని పని. అరవై ఏళ్ల టైరు మీద కారు నడిపించమని ఎవరూ అడగరు. చచ్చిన రబ్బరును కాపాడటానికి తలుపు రేకును, అద్దాన్ని బలిపెట్టడం కాపాడటం ఎలా అవుతుంది? నేను మధ్యదారి పట్టాను. బీడింగ్ మీది స్టీలు పట్టీ అసలుదే, క్లిప్పుల్లో వంగనివన్నీ అసలువే. రబ్బరు ఒక్కటే కొత్తది. పాత రబ్బరు ముక్కలను కవరులో పెట్టి, ఏ తలుపు, ఏ వైపు, ఎప్పుడు తీశాను అన్నది రాసి ఉంచాను. ఓ ముక్కను అడ్డంగా బ్లేడుతో కోసి చూస్తే దాని అసలు ఆకారం తెలుస్తుంది. కొత్త పట్టీ ఎంచుకోవడానికి పనికొచ్చింది ఆ కోతే, అమ్మేవాళ్ల పేజీలో బొమ్మ కాదు.

ఎందుకంటే కొత్తదంతా మంచిది కాదు. తలుపు చట్రం చుట్టూ వేసే స్పంజి రబ్బరు ఇప్పుడు దొరికేవాటిలో కొన్ని అసలుదానికన్నా గట్టిగా ఉంటాయి. బిగించాక తలుపు మూతపడదు, రెండు చేతులతో విసరాలి. పాత వోక్స్‌వాగన్ బీటిల్‌కు గాలి చొరనంత బిగువైన కారని పేరు, అద్దాలన్నీ మూసి ఉంటే తలుపు వేయడానికే లోపలి గాలి అడ్డుపడుతుంది, కొంచెం అద్దం దించితే సాఫీగా పడుతుంది. అది గాలి చేసే ఒత్తిడి. మన దగ్గర జరిగేది రబ్బరు చేసే ఒత్తిడి, అద్దం దించినా తగ్గదు. తలుపును కొన్ని రోజులు మూసే ఉంచి రబ్బరు అణగనివ్వాలి. అప్పుడూ కాకపోతే లాకు పడే ప్లేటును అర మిల్లీమీటరు బయటికి జరపాలి. మొదటిరోజే ప్లేటు జరిపితే రబ్బరు అణిగాక తలుపు వదులై, మళ్లీ మొదటికి వస్తారు. అద్దం చుట్టూ చట్రం లేని కార్లున్నాయి, 1949లో బ్యూక్, కాడిలాక్, ఓల్డ్స్‌మొబైల్ తెచ్చిన, పక్క అద్దాల మధ్య స్తంభం లేని హార్డ్‌టాప్‌లలాంటివి. 1955 నాటి సిట్రోయెన్ డీఎస్ తలుపుల అద్దాలకూ చట్రం ఉండదు. అక్కడ అద్దం పై అంచు నేరుగా కప్పు రబ్బరును నొక్కాలి కాబట్టి పట్టీ మార్చాక అద్దాన్నే జరిపి సరిచేసుకోవాలి. ఆ పని వేరే రోజు, వేరే ఓపిక.

అద్దం పక్క అంచులు జారే గాడి పట్టీని, అంటే రన్ ఛానల్‌ను కూడా అప్పుడే మార్చాను. లోపల మఖమల్‌లా ఉండే నూగు ఇసుకతో నిండి గరుకు కాగితమైంది. కొత్తది మూలలో వంచేటప్పుడు చేతి వేళ్లతో కొంచెం కొంచెంగా వంచాలి, ఒకసారి మడత పడిందంటే ఇక దాన్ని సరిచేయలేరు. మొదటి వారం హ్యాండిల్ బరువుగా తిరుగుతుంది. బలవంతంగా తిప్పితే లోపలి పళ్లు విరుగుతాయి, కాబట్టి అద్దం ఎక్కనంటే ఆగి, దించి, మళ్లీ ఎక్కించాను.

ఆఖరున నీటి పరీక్ష. పైనుంచి పోయకూడదు. పైన పోస్తే నీరు ఎటో పారి, ఎక్కడ దూరిందో తెలియదు. తలుపు కింది అంచు దగ్గర మొదలుపెట్టి ఒక్కో జానెడు పైకి రావాలి. డోర్ ప్యాడ్ బిగించకముందే, కొత్త షీటు అతికించి, లోపల టార్చ్ పట్టుకుని కూర్చున్నాను. తమ్ముడు బయట మగ్గుతో పోస్తున్నాడు.

"అన్నయ్యా, అద్దం మీదికి వచ్చేశాను. పోయనా?"

"పోయ్. మెల్లగా."

షీటు వెనక సన్నగా సవ్వడి. తలుపు లోపల వాన కురుస్తోంది. షీటు ఇవతల చేయి పెట్టి తడిమాను, పొడిగా ఉంది. కార్పెట్ లేని నేల పొడిగా ఉంది. గెలిచినట్టేనని దిగి, తలుపు కింద వంగి చూశాను. మూడు రంధ్రాల్లో వెనకదాంట్లోంచి ధార, ముందుదాంట్లోంచి చుక్కలు. మధ్యదాంట్లోంచి ఏమీ లేదు.

"మధ్యది ఎందుకు కారట్లేదు?" అని అడిగాడు తమ్ముడు.

మొన్న తుప్పు పట్టకుండా తలుపు అడుగున మైనం కొట్టింది నేనే. రెండు పొరలు. లప్పం పూసినవాళ్లను అన్ని మాటలు అన్న నేను, అదే రంధ్రాన్ని మైనంతో పూడ్చాను. తీగ తెమ్మని వాణ్ణి లోపలికి పంపి, మళ్లీ తలుపు కింద పడుకున్నాను.